చలి చాలని సీమలో ఆపిల్

ఆపిల్ చెట్టు చలిని గంటల లెక్కన కొలుచుకుంటుంది. ఉష్ణోగ్రత 7.2 డిగ్రీల సెల్సియస్‌కు, అంతకన్నా కిందికి దిగిన ప్రతి గంటా దాని ఖాతాలో జమ. సిమ్లా కొండల్లో కాసే రాయల్ డెలిషస్ లాంటి రకాలకు చలికాలం మొత్తమ్మీద అలాంటివి వెయ్యి గంటల పైమాటే కావాలి. ఆ లెక్క తప్పితే మొగ్గ విచ్చదు. విచ్చినా ఒక కొమ్మ సంక్రాంతికి, ఇంకో కొమ్మ ఉగాదికి పూసి, కాయ నిలవక రాలిపోతుంది. కురబలకోట, మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఈ పీఠభూమి ఊళ్లలో ఏడాది పొడుగునా కూర్చుని లెక్కపెట్టినా ఆ ఖాతాలో పడేది దాదాపు సున్నా. భోగి మంట దగ్గర దుప్పటి కప్పుకుని ‘ఏం చలి నాయనా’ అనుకునేవాళ్లకు ఈ మాట మింగుడు పడకపోవచ్చు. మన ఒంటికి అది చలే. ఆపిల్‌కు మాత్రం చల్లగాలి, అంతే.

ఈ సీమ వాతావరణానికి పేరు లేక కాదు. ఊపిరితిత్తులకు మంచిదనే 1915లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో క్షయ రోగుల ఆసుపత్రి పెట్టారు. ఎండలకు తాళలేకనే ఆంగ్లేయ కలెక్టర్ హార్స్‌లీ దొర ఏనుగు మల్లమ్మ కొండ మీద బంగళా కట్టుకున్నాడు. ఆ కొండే ఇప్పటి హార్స్‌లీ హిల్స్. మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంటే, ఆ కొండ 1,200 మీటర్లు దాటుతుంది. ఆంధ్రా ఊటీ అంటారు కదా, అక్కడైనా ఆపిల్ కాయకపోతుందా అని ఎవరికైనా అనిపిస్తుంది. నిజం చెప్పాలంటే, చలి రాత్రుల విషయంలో ఎండలకు పేరుమోసిన ఆదిలాబాద్ వైపే మనకన్నా మెరుగు. మన ఎండాకాలం మెత్తన, చలికాలమూ మెత్తనే.

అయినా ఈ ప్రాంతపు రైతు చూపు ఆపిల్ మీద పడడానికి కారణం ఉంది. టమాటా సంగతి తెలిసిందే. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో 150 రూపాయలు దాటి దేశమంతా వార్తయింది. అదే మార్కెట్లో ధర పడిపోయిన రోజుల్లో కోత కూలి కూడా రాక, కాయను తోటలోనే వదిలేసిన సందర్భాలకు లెక్కలేదు. ఇక మామిడి. చిత్తూరు సీమ అంతా గుజ్జు ఫ్యాక్టరీల కోసం నాటుకున్న తోతాపురి 2025లో ఎంత చతికిలబడిందంటే, కిలోకు 12 రూపాయలు ధర కట్టి, అందులో 4 రూపాయలు ప్రభుత్వమే భరించాల్సి వచ్చింది. ఇలాంటి పరిస్థితిలో ‘మైదానంలో ఆపిల్, ఎకరాకు లక్షలు’ అనే వీడియో ఒకటి ఫోన్లో కనిపిస్తే వేలు అక్కడ ఆగకుండా ఎలా ఉంటుంది?

రోడ్డు పక్క నర్సరీలో అడిగి చూడండి.

‘‘ఇదేం మొక్క అన్నా?’’

‘‘ఆపిల్ సార్.’’

‘‘ఆపిల్లో ఏ రకం?’’

‘‘కాశ్మీర్‌ది సార్. ఎర్రగా ఉంటాది.’’

ఎరుపు రకం పేరు కాదు. కాశ్మీర్‌ది అయితే ఇక్కడ కాయదు, ఇక్కడ కాసేదైతే కాశ్మీర్‌ది కాదు. మామిడిలో బంగినపల్లికీ తోతాపురికీ తేడా తెలియని రైతు చిత్తూరు సీమలో ఉండడు. అదే రైతు ఆపిల్ దగ్గరికొచ్చేసరికి ఆకు చూసి డబ్బులిచ్చేస్తున్నాడు. అంటు మొక్కకు వేరు భాగం ఒకటి, పై కొమ్మ ఇంకొకటి. రెండింటి పేర్లూ చెప్పలేని చోట కొనకపోవడమే మేలు.

కాసేవి ఏవంటే

చలి తక్కువ పడినా సర్దుకుపోయే ఆపిళ్లు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. వాటిలో మొదట చెప్పుకోవాల్సింది అన్నా. ఇజ్రాయెల్‌లోని ఐన్ షెమెర్ అనే సమష్టి వ్యవసాయ గ్రామంలో అబ్బా స్టీన్ అనే ఆయన 1950ల్లో తయారుచేసిన రకం ఇది. అక్కడి రెడ్ హదస్సియా అనే రకాన్ని అమెరికా గోల్డెన్ డెలిషస్‌తో కలిపి దీన్ని పుట్టించాడు. దీనికి రెండు మూడు వందల గంటల చలి చాలు. కాయ గుండ్రంగా కాక కాస్త పొడుగ్గా ఉంటుంది, అడుగున చిన్న చిన్న బుడిపెలు తేలి ఉంటాయి. పసుపు కలిసిన ఆకుపచ్చ తోలు మీద, ఎండ తగిలిన వైపు మాత్రం ఎర్రటి పూత. కోస్తే కండ మీగడ రంగులో ఉంటుంది. కొరికితే కరకరలాడుతుంది. తీపి ముందు తగిలి, వెనకనుంచి సన్నని పులుపు వస్తుంది. వండుకునేందుకు కాదు, కోసుకుని తినేందుకే పుట్టిన కాయ. బజార్లో మైనం పూసి నెలల తరబడి చల్లటి గిడ్డంగిలో ఉంచిన ఆపిల్ తిని తిని పిండి పిండిగా ఉండడమే ఆపిల్ స్వభావం అనుకుంటున్నవాళ్లు చెట్టు మీంచి కోసిన అన్నా తింటే ఆశ్చర్యపోతారు.

అన్నా ఒక్కటే నాటితే కాయలు సరిగా పట్టవు. దాని పుప్పొడి దానికే పనికిరాదు, పక్కన ఇంకో రకం అదే సమయానికి పూయాలి. ఆ పని చేసేది డార్సెట్ గోల్డెన్. బహమాస్ దీవుల్లోని నస్సావులో ఐరీన్ డార్సెట్ అనే ఆవిడ పెరట్లో కనబడిన పసుపు ఆపిల్ అది. మంచు అంటే ఏమిటో తెలియని దీవిలో పుట్టింది కాబట్టి వంద గంటల చలితోనే సరిపెట్టుకుంటుంది. అయిదారు అన్నా చెట్లకు ఒక డార్సెట్ చొప్పున తోటంతా కలిసిపోయేలా నాటాలి. ఒక మూలన గుంపుగా పెడితే తేనెటీగ అంతదూరం పోయి రాదు.

మన దేశంలో పుట్టిన రకం హెచ్‌ఆర్‌ఎంఎన్-99. హిమాచల్‌ప్రదేశ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా పనియాలా గ్రామ రైతు హరిమన్ శర్మ దీన్ని వెలికితీశారు. ఆయన ఊరు హిమాచల్ అన్నమాటే గానీ ఎత్తు 1,800 అడుగులే. అంటే మదనపల్లె కన్నా తక్కువ. 1998లో తిన్న ఆపిల్ గింజలు పెరట్లో వేస్తే, మరుసటి ఏడాదికి ఒక మొలక బతికి, 2001 నాటికి కాసింది. ఆ చెట్టు కొమ్మల నుంచే అంట్లు కట్టారు. జాతీయ ఆవిష్కరణల సంస్థ చేతుల మీదుగా అది దేశంలోని చాలా రాష్ట్రాలకు చేరింది. 2025లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తెలుగు నేల మీద ఈ రకం కాసిన తోట అంటే కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలోదే చెప్పుకోవాలి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల తోడ్పాటుతో అక్కడి రైతు వేసిన తోటలో 2020లో కాయలు దిగాయి. విశాఖ మన్యంలో లంబసింగి, చింతపల్లి వైపు కూడా ఆపిల్ మొక్కలు నాటి చూశారు. ఆ రెండు చోట్లా చలి మన దగ్గరకన్నా గట్టిది. అక్కడ కాసింది కాబట్టి ఇక్కడా కాస్తుందనుకుంటే కుదరదు.

జావా దీవి చెప్పే పాఠం

మరి అన్నాకు కావాల్సిన రెండు మూడు వందల గంటలు కూడా లేని చోట కాయడం ఎలా? దీనికి జవాబు ఉత్తరాన కాదు, భూమధ్యరేఖకు అవతల ఉంది. ఇండోనేషియాలోని తూర్పు జావాలో బాటూ అనే కొండ ఊరు. మలాంగ్ పట్టణానికి దగ్గర. ఆపిల్ తోటలు ఉన్న ఎత్తు సుమారు 700 నుంచి 1,200 మీటర్ల దాకా. మదనపల్లెకూ హార్స్‌లీ కొండకూ మధ్య ఎత్తు అదే. డచ్చివాళ్ల కాలంలో అక్కడికి వచ్చిన రోమ్ బ్యూటీ, ఆ తర్వాత స్థానికంగా పేరు తెచ్చుకున్న మనలాగి, అన్నా కూడా అక్కడ కాస్తాయి. అదీ ఏడాదికి రెండు పంటలు! అక్కడ చలికాలమే లేదు.

వాళ్లు చేసేది వింటే సింపుల్‌గా అనిపిస్తుంది. కాయ కోసిన మూడు నాలుగు వారాలకు చెట్టు మీద ఉన్న ఆకులన్నీ చేత్తో దూసేస్తారు. ఒక్క ఆకు మిగలదు. ఆపిల్ చెట్టుకు చలి కావాల్సింది నిద్ర లేవడానికి. ఆకు రాలి, మొగ్గ గాఢ నిద్రలోకి పోయాక, చలి గంటలు నిండితే తప్ప అది లేవదు. అయితే ఆ గాఢ నిద్ర పట్టకముందు ఒక దశ ఉంది. మొగ్గ తయారై ఉంటుంది, ఆకు మాత్రం దాన్ని అణిచిపెట్టి ఉంచుతుంది. సరిగ్గా ఆ దశలో ఆకు తీసేస్తే మొగ్గ నిద్రపోకుండానే విచ్చుకుంటుంది. నిద్రే పోని చెట్టును లేపే పని ఏముంది? నిటారుగా పోయే కొమ్మలను తాడు కట్టి అడ్డంగా వంచితే మొగ్గలు మరింత సమంగా విచ్చుతాయి.

ఇంత దూరం పోనక్కర్లేదు అనేవాళ్లకు బెంగళూరు ఉంది. కుప్పం నుంచి వంద కిలోమీటర్ల చిల్లర. గత శతాబ్దం తొలి సగంలో బెంగళూరు తోటల్లో ఇదే రోమ్ బ్యూటీ ఆపిల్ కాసేది. అమెరికాలో దాన్ని కాల్చుకుని, వండుకుని తినే కాయగానే చూస్తారు. బెంగళూరులో మాత్రం కోసుకుని తినేవారు. అక్కడా నీళ్లు ఆపి, ఆకు రాల్చి పూతకు తెచ్చేవారు. ఊరు పెరిగి తోటల మీద ఇళ్లు లేచాయి, ఆపిల్ మాట మరుగున పడింది.

చలికాలం పని మనిషి చేయాలి

అంటే కురబలకోటలో ఆపిల్ వేసే రైతు చలికాలం పనిని తన చేతుల్లోకి తీసుకోవాలి. ఆ పని ఎప్పుడు, ఎలా అన్నదే మొత్తం సాగు. మిగతాదంతా మామిడి, దానిమ్మ తెలిసినవాళ్లకు కొత్త కాదు.

మనకు అనువైన లెక్క ఇలా ఉంటుంది. నవంబరు ఆఖరు నుంచి డ్రిప్ కట్టేసి పాదును ఎండనివ్వాలి. ఎర్ర గరప నేల కాబట్టి తొందరగానే ఆరుతుంది. డిసెంబరులో ఆకు రంగు మారి, గట్టిపడి, కొమ్మ కొసన కొత్త చిగురు ఆగినప్పుడు కత్తిరింపు చేసి, మిగిలిన ఆకంతా దూసేయాలి. రెండు వారాలు చెట్టు బోడిగా ఉంటుంది. చూసినవాళ్లు తోట చచ్చిందనుకుంటారు. ఆ తర్వాత ఎరువు వేసి, ఒక్కసారిగా నిండుగా నీళ్లు ఇవ్వాలి. అన్నీ కలిసొస్తే జనవరి, ఫిబ్రవరిలో పూత, మే, జూన్‌లో కాయ.

అన్నీ కలిసొస్తే అన్నానా? కలిసిరానిది వాన. మనకు వచ్చే వానలో మంచి వాటా అక్టోబరు, నవంబరులదే. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే డిసెంబరులోనూ మూడు రోజులు ముసురు పట్టి పోతుంది. మనం డ్రిప్ కట్టేస్తే పైవాడు తిప్పుతాడు. ఎండిపోవాల్సిన చెట్టు మళ్లీ చిగురు వేస్తుంది. చిగురేసిన చెట్టుకు ఆకు దూస్తే పువ్వు బదులు ఆకే వస్తుంది. అలాంటి ఏడాది ఆ చిగురు ముదిరేదాకా ఆగి, ఆకు దూయడం ఒక నెల వెనక్కి జరుపుకోవాలి. కాయ కూడా అంత వెనక్కి పోయి, జూన్ ఆఖరి వానల్లో చిక్కుతుంది. ఈ ఒక్క చిక్కు గురించి ఏ వీడియోలోనూ ఎవరూ నోరు విప్పరు.

దీనికి దొడ్డిదారి ఒకటుంది. చిక్కబళ్లాపురం, కోలారు ద్రాక్ష తోటల్లో కత్తిరింపు తర్వాత మొగ్గలకు పూసే డార్మెక్స్ మందు, అంటే హైడ్రోజన్ సైనమైడ్. అది ఆపిల్ మొగ్గనూ లేపుతుంది. ఘాటైన విషం, చర్మం మీద పడితే కాలుతుంది. దాన్ని వాడేవాళ్లు ముందు రోజు నుంచీ, ఆ తర్వాత వారం దాకా మద్యం ముట్టకూడదు. ముట్టారంటే ముఖం ఎర్రబడి, గుండె దడ పట్టి ఆసుపత్రి పాలవుతారు. సాయంత్రం కూలి చేతికొచ్చాక మన దగ్గర ఏం జరుగుతుందో తెలిసినదే కాబట్టి, పది చెట్లవాడు ఆ మందు జోలికి పోకుండా ఆకు చేత్తోనే దూసుకోవడం నయమని నా అభిప్రాయం.

పూత దశలో ఒకసారి చెట్టు దగ్గర నిలబడి చూడాలి. ఒక్కో గుత్తిలో అయిదారు మొగ్గలు. మూసుకుని ఉన్నప్పుడు గులాబీ రంగు, విచ్చుకుంటే తెలుపు. అన్నిటికన్నా ముందు నడిమి మొగ్గ విచ్చుతుంది. దాని కాడ కాస్త లావు. గుత్తిలో పెద్ద కాయ అయ్యేది అదే. కాయ గోలీ అంత అయ్యాక నడిమిది ఉంచి, చుట్టూ ఉన్నవి గిల్లేయాలి. కాసిన కాయను చేతులారా గిల్లడానికి మన రైతుకు ప్రాణం ఒప్పదు. గిల్లకపోతే గుత్తికి అయిదు రేగుపళ్లు వస్తాయి. కొమ్మ విరుగుతుంది, మరుసటి ఏడాది చెట్టు కాపు మానేసి కూర్చుంటుంది.

నేల గురించి రెండు మాటలు. నీరు నిలిచే నల్లరేగడిలో వేరు కుళ్లు ఖాయం, ఆ పేచీ మనకు తక్కువ. రాళ్ల గుట్టకు ఆనుకుని, పడమటి ఎండ పడే చోటు మాత్రం వద్దు. మన గుండ్లు పగలంతా ఎండ తాగి రాత్రంతా వేడి కక్కుతుంటాయి. ఆపిల్ తోలుకు ఎరుపు రావాలంటే కాయ ముదిరే రోజుల్లో రాత్రి చల్లగా ఉండాలి. మే నెలలో మామూలుగానే అది కష్టం, గుట్ట పక్కన అసలే కాదు. తూర్పు వాలు, గాలి ఆడే చోటు మేలు. వేరుకు ఎంఎం-111 అనే మొండి రకం మన ఎండకూ, ఎండబెట్టే పద్ధతికీ తట్టుకుంటుంది. ఎంఎం వరుస వేళ్లకు, ఆపిల్‌ను పీడించే ఉన్ని పేనును నిలువరించే గుణం కూడా ఉంది. ఎం-9 అనే పొట్టి వేరు ఊతం లేనిదే నిలబడదు, నీటి ఎద్దడికి ఓర్చదు. పన్నెండు అడుగుల ఎడంలో ఎకరాకు 300 మొక్కలు పడతాయి. అంటు కట్టిన చోటు మట్టిలోకి పోకూడదు. మొదటి రెండు వేసవులు మొదలుకు సున్నం పూయాలి, పాదులో చెత్త కప్పాలి. మూడో ఏడు నుంచి కాపు చూసుకోవచ్చు.

కాయ రంగు తిరిగేనాటికి బంధువులు చాలామందే వస్తారు. పగలు చిలుకలు, రాత్రి గబ్బిలాలు, కొండ వారగా అయితే నెమళ్లు, కోతులు. హార్స్‌లీ కొండ దిగువన, రిషి వ్యాలీ వైపు చెట్టూ చేమా పెంచి కాపాడుకున్న చోట పక్షులకు కొదవలేదు. మామిడి తోటలో నాలుగు కాయలు పోతే లెక్కచేయం. ముప్పై కాయల ఆపిల్ చెట్టుకు వల కప్పక తప్పదు, ఆ ఖర్చు మొక్క ఖర్చుకన్నా ఎక్కువ. మామిడి తోటల మధ్య ఉన్న ఆపిల్‌ను పండు ఈగ కూడా వదలదు.

అమ్మకం దగ్గరికొస్తే

మొక్కలు అమ్మేవాళ్లు చెప్పే లెక్క ఒకటుంది. హిమాచల్ ఆపిల్ జూలైలో మొదలవుతుంది, కాశ్మీర్‌ది సెప్టెంబరులో. మే, జూన్‌లో బజార్లో ఉండేది గిడ్డంగి సరుకో, విదేశీ సరుకో. అప్పుడు మన తాజా ఆపిల్‌కు పోటీయే ఉండదు. మాట నిజమే. సగమే. ఆ నెలల్లో చిత్తూరు సీమలో ఇంటింటా మామిడి పండు ఉంటుంది. బంగినపల్లి, ఇమాంపసంద్ ముందు పెట్టుకుని ఆపిల్ కోసం చెయ్యి చాపేవాడెవడు? మన జనానికి ఆపిల్ ఆసుపత్రికి, కొత్త కలెక్టరు గారిని చూడబోవడానికి పట్టుకెళ్లే పండు. ఆ పండు ఎర్రగా నిగనిగలాడాలి. సగం ఆకుపచ్చగా ఉన్న అన్నాను పళ్ల బండి మీద పెడితే ‘పచ్చిది’ అని పక్కన పెడతారు. మే ఎండకు మామూలు గదిలో వారం దాటితే మెత్తబడుతుంది. చల్లటి గది ఉంటే రెండు నెలలు ఆగుతుంది, ఆ గది కరెంటు బిల్లు మళ్లీ రైతు మీదే.

బాటూ నుంచి వస్తున్న కబురు కూడా వినాలి. వేడి పెరిగి, నేల సత్తువ తగ్గి, మందుల ఖర్చు భరించలేక అక్కడి రైతులు ఆపిల్ చెట్లు నరికి నారింజ జాతి తోటలకు మారుతున్నారు. శతాబ్దం దగ్గర అనుభవం ఉన్నవాళ్ల సంగతే అది. మన దగ్గర మొదలే ఇంకా కాలేదు.

అందుకని ఆపిల్ వద్దనడం లేదు. టమాటాకు పెట్టినట్టు అప్పు తెచ్చి అయిదెకరాలు వేయొద్దని అంటున్నాను. బోరులో నీళ్లు నమ్మకంగా ఉండి, ఆకు దూయడానికి, కాయ గిల్లడానికి ఇంట్లో మనుషులు ఉన్న కుటుంబం పావు ఎకరం వేసుకోవచ్చు. అది 75 చెట్లు. అందులో ఒక డజను డార్సెట్, మిగతాది అన్నా, కాస్త హెచ్‌ఆర్‌ఎంఎన్-99 కలిపి. కాసిన కాయను మార్కెట్లో వేలానికి పెడితే గిట్టదు. హార్స్‌లీ కొండకు ఎక్కే రోడ్డు పక్కన, మే నెల సెలవుల్లో బెంగళూరు నుంచి వచ్చే కార్ల ముందు, చెట్టు కూడా కనబడేలా బుట్ట పెట్టుకుంటే కిలో ధర అడిగేవాడు బేరం ఆడడు. కుప్పం వైపు వాళ్లకు బెంగళూరు అపార్టుమెంట్లే దగ్గర. ఏ రకం కాయో పేరు చెప్పి, ఉదయం కోసి సాయంత్రానికి చేర్చగలిగితే అక్కడ కొనేవాళ్లున్నారు. నాటే ముందు మట్టి, బోరు నీళ్లు కలికిరి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించుకోవాలి. మన బోర్ల లోతుకు నీళ్లలో ఉప్పు పెరిగి ఉంటుంది, ఆపిల్ వేరు ఉప్పుకు దానిమ్మలా ఓర్చుకోలేదు. నీళ్లు బాగున్నాయని తేలితే మొక్కలు డిసెంబరు, జనవరిలో తెచ్చుకోవచ్చు. అవి ఆకు లేని పుల్లల్లా వచ్చినా కంగారు పడక్కర్లేదు. ఆకులతో నవనవలాడుతూ జూన్‌లో అమ్మే మొక్కనే రెండుసార్లు చూసి కొనాలి.